చేతి గుణం

మా అమ్మ మారమ్మ చెడ్డ మనిషి కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నేను చెప్పబోయేది వింటే చెడ్డ మనిషనే అనుకుంటారు. ఆకలితో వచ్చినవాళ్లను వట్టి చేతులతో పంపిన రోజు ఆమె జీవితంలో లేదు. ఈనలేక అవస్థపడే ఆవు పక్కన తిండీ నీళ్లూ మరిచిపోయి కూర్చుంటుంది. కాని ఆమె తలలోకి ఒక నమ్మకం ఎక్కిందంటే దాన్ని దించడం ఎవరి తరమూ కాదు. నేను ఇంటికి పెద్ద కూతుర్ని, మునిలక్ష్మి అంటే నోరుగలదని ఊరంతా ఎరుగును, కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. నా వల్లే కాలేదు.

మా పుట్టింటివాళ్లది ఏరియూరు పక్కన. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. నాయన రంగప్పకు కాస్త మెట్టపొలం ఉంది గాని ఇల్లు నడిచేది ఆవుల మీద. నన్ను ధర్మపురి టౌనులో ఇచ్చారు. తమ్ముడు మాధవన్‌కు పిక్కిలి నుంచి జయప్రియను చేసుకున్నాం. ఆ పిల్ల పుట్టి పెరిగిందే ఆవుల మధ్య. కాపురానికి వచ్చిన కొత్తలో, ఎవరు దగ్గరికి పోయినా తన్నే మా ఎర్రావు కింద చెంబు పట్టుకుని కూర్చుని, ఏదో పాట కూనిరాగం తీస్తూ పాలు పిండేసింది. కోడలంటే ఇట్లుండాలని అమ్మ వీధి వీధంతా చెప్పుకుని మురిసిపోయింది.

పోయిన ఏడాది జయకు మగబిడ్డ పుట్టాడు. ఊపిరి సరిగా అందక మర్నాడే పోయాడు. ఎందుకలా అయిందో ఎవరూ చెప్పలేకపోయారు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ అమ్మ ఆ పిల్ల తల ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది, తన చేత్తో గంజి తాగించింది. అక్కడిదాకా ఆమెకు వంక పెట్టడానికి లేదు. ఇంటికి తీసుకొచ్చాక ఒక్క మాట అంది. ఇకమీదట జయ కొట్టంలోకి రాకూడదని.

మా ఇంట్లో అది పాత కట్టడి. బిడ్డను పోగొట్టుకున్న ఆడది చూలు ఆవును తాకకూడదు, ఈనిన ఆవు పాలు పిండకూడదు, దూడ మీద చేయి వేయకూడదు. మళ్లీ ఆమె కడుపున ఒక బిడ్డ పుట్టి బతికేదాకా అంతే. కైరాసి అంటారు మావాళ్లు, చేతి గుణమని అర్థం. ఆ గుణం చెడిందని జయ మొహం మీద ఎవరూ అనలేదు, అననక్కర కూడా లేకపోయింది. పాలు పిండే వేళకు ఆ పిల్ల కొట్టం తడిక ఇవతల నిలబడి చూస్తూ ఉండేది. బయట ఉన్న పేడకుప్ప ఎత్తడానికి మాత్రం ఏ గుణమూ అడ్డు రాలేదు. అది చూసి నాకు ఒళ్లు మండిపోయేది. పోయినప్పుడల్లా అమ్మతో గొడవే. ఆమె ఎదురు చెప్పేది కాదు. గోడ వైపు తిరిగి విస్తరాకులు కుట్టుకునేది. నాయన, నేను ఆడవాళ్ల సంగతుల్లోకి రానని బీడీ ముట్టించుకునేవాడు. తమ్ముడు ఇద్దరి మధ్యా నలిగి నోరు కుట్టేసుకున్నాడు.

చేపల ఆలోచన జయకు ఎలా వచ్చిందంటే, చెక్‌అప్‌కు టౌనుకు వచ్చినప్పుడు మేము కూర్చున్న స్కాన్ సెంటరులో ఒక గాజుతొట్టి ఉంది. అందులో ఒక చేపల జత. చుట్టూ చీమల్లాంటి పిల్లలు. వేరే చేప ఏదైనా అటు వస్తే తల్లీ తండ్రీ ఇద్దరూ తరిమికొట్టి మళ్లీ పిల్లల దగ్గరికి పరుగెత్తేవి. పేరు పిలిచినా జయకు వినిపించలేదు, నేనే భుజం తట్టి లేపాల్సి వచ్చింది. అవి ఏం చేపలని అక్కడి ఆయాను అడిగింది. సిక్లిడ్ అని ఆమెకెవరో చెప్పారట, అదే మాకూ చెప్పింది. ఆ రోజు నుంచి జయ ఫోనులో తమిళ వీడియోలు చూడటం మొదలుపెట్టింది. అందులోనూ పిల్లల్ని కాపాడుకునేవీ, మొదటిసారి పెంచేవాళ్ల చేతుల్లో కూడా చావనివీ ఏవని వెతికింది.

ఇది పిచ్చి ముచ్చట అనుకుని నేను నవ్వాను. కొనడానికి టౌనులో నాతో బయల్దేరినప్పుడు బస్టాండు దగ్గర ఆగి నన్ను చూసి చెప్పింది.

"నవ్వొద్దు వదినా. నా చేతికింద ఏదో ఒక ప్రాణం బతికి పిల్లలు పెట్టాల. అత్త కండ్లతో చూడాల. చూసినాక నన్ను కొట్టంలోకి రానిస్తాది."

నేను మళ్లీ నవ్వలేదు.

చేపల అంగడి ప్రశాంత్‌కుమార్‌ది. వాళ్లూ తెలుగువాళ్లే, తాతల నాటి నుంచి టౌనులో కిరాణా వ్యాపారం. తండ్రి బియ్యం అమ్మిన అంగడిని సగానికి అడ్డుగోడ కట్టి ఇతను చేపలు పెట్టాడు. మాట తియ్యన. తెలుగు వినగానే అక్కా అక్కా అంటూ ముందుగా ఆస్కార్ చేపల్ని చూపించాడు. వేలెడంత ఉన్నాయి, కళ్లు తిప్పుకుంటూ కుక్కపిల్లల్లా మన వేలి వెంట వస్తున్నాయి. నాకు నచ్చేశాయి. జయ తల అడ్డంగా ఊపింది. ఏడాది తిరక్కముందే పళ్లెమంత అవుతాయనీ, తన చిన్న తొట్టిలో మెసలడానికి చోటు చాలదనీ చెప్పింది. ఏంజెల్ చేపలకు తొట్టి ఎత్తు చాలదంది. చారల చారల కాన్విక్ట్ చేపల్ని చూపిస్తే అవి ఎక్కడైనా బతుకుతాయి, పిల్లలు కూడా పెడతాయి గాని ఒకదాన్నొకటి కొట్టి చంపుతాయని వద్దంది. కొట్లాటలు ఇంట్లో చాలినన్ని ఉన్నాయని నేను అందుకున్నాను. నీలం, పసుపు కలిసి మెరిసే రామ్ చేపల దగ్గర మాత్రం చాలాసేపు ఆగింది. అవే అందరిలోకీ అందమైనవి. చివరికి వాటినీ వద్దంది. వాటికి సున్నం లేని మెత్తటి నీళ్లు కావాలి, మా నీళ్లకు తట్టుకోలేవు.

మా వైపు బోరునీళ్ల సంగతి చెప్పాలి. కుండ అడుగున సున్నం పేరుకుంటుంది, కొళాయి మూతికి తెల్లగా పొలుసు కడుతుంది, పిల్లలకు పాలపళ్లు ఊడకముందే పళ్లు గారపడతాయి. ఈ నీళ్లు తాగుతున్నందుకు దేవుణ్ణి తిట్టుకోని ఇల్లు లేదు. అటువంటి నీళ్లే మాకు కావాలనే చేపలు కూడా ఉన్నాయని ఆ అంగడిలోనే తెలిసింది. ఆఫ్రికాలో ఏదో పెద్ద సరస్సులో ఉంటాయట. బొటనవేలి కణుపంత చేపలు, ఒంటి నిండా సన్నటి చారలు. ఖాళీ నత్తగుల్లల్లో కాపురం చేస్తాయి, గుల్లలోనే గుడ్లు పెడతాయి, పిల్లలు పెద్దయినా తల్లి పక్క గుల్లలోనే ఉంటాయి. చిన్న తొట్టి చాలు. వేరే జాతి చేపల్ని కలపకూడదు, అంతే. ఇవే కావాలంది జయ. ప్రశాంత్‌కుమార్ దగ్గర లేవు. రంగు లేని చేపల్ని ఎవరు కొంటారక్కా అని గొణిగాడు గాని మద్రాసు నుంచి తెప్పిస్తానని ఒప్పుకున్నాడు.

అవి వచ్చేలోపు జయ తొట్టి సిద్ధం చేసింది. ఏటి ఇసుక తెచ్చి తేట వచ్చేదాకా కడిగింది. నాగమరై దగ్గర కావేరి ఒడ్డున ఎండిన నత్తగుల్లలు దొరుకుతాయి, మాధవన్‌ను వెంటబెట్టుకుని పోయి ఏరుకొచ్చి ఉడకబెట్టి ఆరేసింది. ఇసుకా గుల్లలూ పెట్టి నీళ్లు పోసి మోటారు వేసి చేపలు లేకుండానే వారాల తరబడి తొట్టిని నడిపింది. నీళ్లు పాతబడి వాటిలో మంచి క్రిములు పుడితే తప్ప చేపలు బతకవట. వట్టి నీళ్లను మేపుతున్న కోడలిని నా ఇంట్లోనే చూస్తున్నానని అమ్మ దెప్పింది. తొందరపడి చేపల్ని వేస్తే చచ్చిపోతాయనీ, ఒక్కటి చచ్చినా ఈ ఇంట్లో ఆ చావు ఎవరి లెక్కలో పడుతుందో తెలుసుననీ జయ నాతో ఫోనులో చెప్పింది.

చేపలు వచ్చాయి. ముందు కొన్నాళ్లు గుల్లలోంచి తలే బయట పెట్టలేదు. తర్వాత ఒక్కొక్కటీ తన గుల్ల చుట్టూ ఇసుక తవ్వడం మొదలుపెట్టింది. నోటినిండా ఇసుక పట్టుకెళ్లి అవతల ఉమ్మి, మళ్లీ వచ్చి, తవ్వి. నాయన బీడీ ఆర్పేసి తొట్టి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. ఇంత ప్రాణికి హద్దు గట్ల తగాదా ఏమిటని నవ్వుకునేవాడు. మాధవన్ కూడా చాన్నాళ్ల తర్వాత భార్య పక్కన కూర్చుని నాలుగు మాటలు మాట్లాడటం నేను చూశాను. అమ్మ ఒక్కతే ఆ గది దాటేటప్పుడు మొహం తిప్పుకుని పోయేది.

ఎండలు ముదిరే వేళకు జయ నుంచి ఫోను. గొంతు తగ్గించి, ఎవరో నిద్రపోతున్న ఇంట్లో మాట్లాడినట్టు, రమ్మని మాత్రం అంది. నేను మధ్యాహ్నం బస్సుకే పోయాను. ఒక గుల్ల అంచున, దగ్గరగా కళ్లు పెట్టి చూస్తే తప్ప కనబడనంత చిన్నవి, కనురెప్ప వెంట్రుకల్లాంటి పిల్లలు ఆడుతున్నాయి. తల్లి గుల్ల నోట్లో అడ్డంగా నిలబడి ఉంది. మనం వేలు చూపిస్తే అంత చిన్న చేపా మన మీదికి వస్తుంది.

నేను అమ్మను చేయి పట్టుకుని లాక్కొచ్చాను. రానంటూనే వచ్చింది. కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని వంగి చూసింది. ఎంతసేపటికీ లేవలేదు. నడుం పట్టేసిందేమో అనుకున్నాను. లేచి జయ వైపు చూసి, తలమీద చేయి పెట్టింది.

"ఎర్రావు ఈనితే జున్నుపాలు నువ్వే పిండాల మే."

జయ మొహం చూడలేక నేను వంటింట్లోకి పోయాను. గెలిచామనే అనుకున్నాను. ఎర్రావు నిండుచూలుతో ఉంది. ఇంకెన్నాళ్లో కాదు. ఆ సాయంత్రం వీధిలో ఆడవాళ్లంతా వచ్చి తొట్టి చూసిపోయారు. అమ్మే పిలిచి చూపించింది. నా కోడలి చేతికింద ఈనినాయని చెప్పుకుంది.

మర్నాడు శుక్రవారం. నేను టౌనుకు వచ్చేశాను. జయా మాధవన్ పెన్నాగరం సంతకు పోయారు. అమ్మ ఇంట్లో ఒక్కతే ఉంది. ఊరి కళ్లన్నీ నిన్న ఆ పిల్లల మీద పడ్డాయని ఆమెకు దిగులు పట్టుకుంది. మా ఇంట్లో ఆవు ఈనితే మొదటి శుక్రవారం వేపాకూ పసుపూ కలిపి మెత్తగా నూరి తల్లి నుదుటికీ వీపుకీ పూస్తారు, దూడకు తాకిస్తారు, మిగిలింది నీళ్లలో కలిపి కొట్టమంతా చల్లుతారు. దిష్టి తగలదు, పురుగు పట్టదు. ఈ ఇంట్లో ఏ తల్లికీ ఆ మర్యాద తప్పలేదు. జయ చేపకు మాత్రం ఎందుకు తప్పాలి? అమ్మ తలస్నానం చేసి, తడి చీరతోనే రోట్లో వేపాకు నూరింది. చేపకు నుదురెక్కడ, వీపెక్కడ, పాపం. ముద్ద మొత్తం తొట్టి నీళ్లలోనే కలిపి దండం పెట్టుకుంది.

వేపకు పురుగు చస్తుంది. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. చేప కూడా చస్తుందని తెలియదు.

వాళ్లు సంత నుంచి వచ్చేసరికి నీళ్లు పచ్చగా చిక్కబడి ఉన్నాయి. చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. జయ చేతిసంచీ కింద పడేసి బిందెలతో నీళ్లు మార్చిందట, మాధవన్ బోరు దగ్గరికి పరుగులు పెట్టాడట. ఫోను అందుకుని నేను చేరేసరికి అంతా అయిపోయింది. పెద్ద చేపల్ని అరటాకు ముక్కలో పెట్టి ఉంచారు. పిల్లల్ని ఏరడానికి వీలుకాలేదు, ఆ మురికి నీళ్లలో అవి ఎక్కడున్నాయో ఎవరికీ కనిపించలేదు. జయ ఏడవలేదు, అరవలేదు, అత్తను ఒక్క మాట అడగలేదు. తొట్టి కడిగి గోడకు బోర్లించింది. అమ్మ రోటి పక్కనే కూర్చుని ఉంది, చేతులు కడుక్కోలేదు. గోళ్ల సందున పచ్చగా ఎండిపోయింది.

అంత కోపిష్టిదాన్ని, నాకు ఆ రోజు కోపం రాలేదు. ఎవరి మీద రావాలో తెలియలేదు.

ఆ మర్నాటి నుంచి అమ్మ కొట్టంలోకి పోవడం మానేసింది. పాలు నాయనే పిండుతున్నాడు, వంకరటింకరగా. ఏమైందని అడిగితే నడుం నొప్పంది. చేపలు పోయాక జయ కూడా లోపలికి పోలేదు, పేడ ఎత్తుతూ తడిక ఇవతల, అమ్మ కుడితి తొట్టి దగ్గర తడిక ఇవతల. ఇద్దరూ బయటే. నేను కొన్నాళ్లు ఉండిపోదామని మా ఆయన రాజేంద్రన్‌కు కబురు పెట్టి అక్కడే ఆగాను.

ఎర్రావు ఒక పొద్దున ఈనింది. పెయ్యదూడ. నాయన దాన్ని గడ్డితో తుడిచి నిలబెట్టాడు. అది తడబడుతూ పొదుగు దగ్గరికి పోతే తల్లి తన్నింది. మళ్లీ పోతే మళ్లీ తన్నింది. దానికి పాత బుద్ధి. ఎవరైనా పిండి దారి చేసి దూడ నోటికి అందించాలి. నాయన చేయి వేస్తే మోకాలి మీద ఒక్కటి ఇచ్చింది, ఆయన కుంటుతూ బయటికి వచ్చాడు. దూడ వణుకుతోంది. జున్నుపాలు పొద్దెక్కక ముందే దాని కడుపులో పడాలి.

అమ్మ తడిక తీసి పట్టుకుని జయ వైపు చూసింది.

"నువ్వు పో జయా. నా చేయి మంచిది కాదు. పచ్చిపిల్లల్ని చంపిన చేయి."

జయ పేడ తట్ట కింద దించింది.

"చేయి కాదత్తా. వేపాకు."

అమ్మకు అర్థమైనట్టు లేదు. తడిక ఇంకాస్త తెరిచి, తొందరగా పొమ్మని తల ఊపింది. లోపల ఎర్రావు అరిచింది. నాయనా నేనూ జయ వైపే చూస్తున్నాం. ఏడాదిగా ఆ పిల్ల కోరుకున్న దారి తెరిచి ఉంది. అయినా లోపలికి అడుగు పెట్టలేదు. గొంతు పెంచకుండానే చెప్పింది.

"చేపలు ఈనినాయని రమ్మంటివి. ఇప్పుడు నీ చేయి చెడిందని పొమ్మంటా ఉండావు. అట్ల నేను పోను. నా బిడ్డ ఎందుకు పోయినాడో నాకు తెలీదు. నా చేయి మాత్రం కాదు. ఆ మాట నీ నోటితో చెప్పు. చెప్తేనే పోతాను."

ఈ మాటే నేను ఏడాదిగా అరిచి అరిచి చెప్పాను. నా అరుపులకు అమ్మ గోడ వైపు తిరిగేది. ఇప్పుడు తిరగడానికి గోడ లేదు. అమ్మ తడిక వదిలేసింది.

"నాకు ఎవురూ చెప్పలేదు గదా జయా," అంది.

ముందు నాకు ఎక్కలేదు. నాయన బీడీ జారిపోయింది, తల వంచుకున్నాడు. అప్పుడు ఎక్కింది. అమ్మ చాలా కొద్ది మాటల్లో చెప్పింది. పెళ్లయిన మరుసటేడు. తొలి బిడ్డ పురిట్లోనే దక్కలేదు. అత్త కొట్టంలోకి రానివ్వలేదు. ఎండాకాలం, వానాకాలం, మళ్లీ ఎండాకాలం, ఇదే తడిక ఇవతల. నేను పుట్టి, బతికి, పాకడం మొదలుపెట్టాక లోపలికి రమ్మన్నారు. నీ తప్పు కాదని ఎవరూ అనలేదు. నేను పుట్టడంతో ఆ మాట అనవలసిన అవసరమే లేదనుకున్నారు. నిజంగా తన చేతి గుణమేననుకుని అమ్మ ఇన్నేళ్లు బతికింది.

జయ దగ్గరికి వచ్చి, ఎండిన పేడ అంటిన చేతులతోనే అమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

"నేను చెప్తా ఉండాను అత్తా. నీ చేయి కాదు. అప్పుడూ కాదు, మొన్నా కాదు."

అమ్మ ఏడ్చింది. మా అమ్మ ఏడవడం నేను చాలాసార్లు చూశాను, ఇతరుల కష్టాలకు. ఈ ఏడుపు నేను ఎరగను. అందులోనే, మాటలు తెగిపోతూ, నీ చేయి కూడా కాదు జయా, కాదు, అని అంది. ఒకసారి కాదు, చాలాసార్లు అంది. ఆ మాట విన్నాక జయ కూడా, చేపలు పోయినప్పుడు ఏడవని పిల్ల, బిడ్డ పోయినప్పటి ఏడుపు ఏడ్చింది.

దూడ ఆగదు కదా. ఇద్దరూ కళ్లు తుడుచుకుని లోపలికి పోయారు. జయ ఎర్రావు మెడ నిమురుతూ పాత కూనిరాగం అందుకుంది, అమ్మ పొదుగు కింద కూర్చుంది. మొదటి ధారలు నేల మీద పిండి, తర్వాత చెంబులో పట్టింది. జయ వేళ్లు పాలలో ముంచి దూడ నోట్లో పెడితే అది చప్పరించింది. నేను తడిక దగ్గరే నిలబడిపోయాను. నాకు ముందు ఒకరున్నారన్న సంగతి ఇంతకాలం నా పక్కనే ఉండి నాకు తెలియలేదు. అడగాలా వద్దా అనుకుంటూనే అడిగేశాను, మగబిడ్డా ఆడబిడ్డా అని.

అమ్మ పాలు పిండడం ఆపలేదు.

"ఆడబిడ్డే. నీ మాదిరే ఉండె."